ఎర గాలానికి మన్నికైన రీలును ఎంచుకోవడం ఎలా?

చెరువు గట్ల మీదా, ఏటి ఒడ్డునా, సముద్రపు అంచునా గాలం వేసేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఎర వేటకు ఏళ్ల తరబడి పనిచేసే రీలు, పెట్టిన డబ్బుకు తగిన విలువ ఇచ్చేది, ఏది కొనాలి? ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకుంటే లాభం లేదు. మోడళ్లు రెండు మూడేళ్లకు మారిపోతాయి, ఒక ఊరిలో దొరికేది మరో ఊరిలో దొరకదు. అందుకే ఏ దుకాణంలో ఏ రీలు చేతికి వచ్చినా మీకు మీరే పరీక్షించి తేల్చుకునే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో ఉంచుకోండి. ఎర వేటలో రీలు గంటల తరబడి కదలకుండా ఉంటుంది. చేప ఎర పట్టిన తరువాత ఆ లాగుడు మొత్తాన్ని కొద్ది నిమిషాలపాటు ఒక్కసారిగా మోయవలసి వస్తుంది. కృత్రిమ ఎరలను రోజంతా విసిరి చుట్టేవారికి రీలు తేలికగా, వేగంగా ఉండడం అవసరం. మనకు డ్రాగ్ (చేప లాగినప్పుడు లైనును అదుపుతో వదిలే బిగువు ఏర్పాటు) మెత్తగా వదలడం, లైన్ రోలర్ (లైను మలుపు తిరిగే చిన్న గిలక) ఆగకుండా తిరగడం, హ్యాండిలూ బెయిలూ (లైనును పట్టి చుట్టించే వంపు తీగ) గట్టిగా ఉండడం అవసరం. డబ్బు పెట్టవలసింది ఈ భాగాల మీదే. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే బేరింగుల సంఖ్యకు నేను చివరి స్థానం ఇస్తాను.

దుకాణానికి వెళ్లేటప్పుడు తీసుకువెళ్లవలసినవి

- మీరు వాడే రాడ్ (రీలు దానికి సరిగా కూర్చుంటుందో లేదో చూడడానికి)
- ఒక మీటరు పొడవున్న నైలాన్ లైను ముక్క
- స్కెచ్ పెన్ను
- మెత్తటి నూలు గుడ్డ
- సామాన్లు తూచే చిన్న కొక్కెం తరాజు. అది లేకపోతే ఇంటి దగ్గర పరీక్షకు రెండు లీటర్ల నీళ్ల సీసా సరిపోతుంది

1. ఏ నీటిలో, ఏ చేపకు, ఏ ఎరతో అన్నది ముందుగా తేల్చుకోండి

అన్ని వేటలకూ సరిపోయే రీలు లేదు. మీరు ఎక్కువసార్లు చేసే వేట ఏదో దానికే కొనండి.

చెరువులో బెండు కట్టి, వానపాముతోనో గోధుమపిండి ముద్దతోనో తిలాపియానూ చిన్న శీలావతినీ పట్టేవారికి 2500 సైజు రీలు, 6 నుంచి 8 పౌండ్ల లైను చాలు (సైజు అంకె పెరిగేకొద్దీ రీలు పెద్దది; పౌండ్లు లైను తెగే బలానికి కొలత). సీసం కట్టి అడుగున ఎర ఉంచి, తవుడూ తెలగపిండీ కలిపిన ముద్దతో బొచ్చె, శీలావతి, బంగారుతీగ కోసం కూర్చునేవారికి 4000 సైజు, 12 నుంచి 15 పౌండ్ల లైను తగినవి. కృష్ణా, గోదావరి నదులలోనూ పెద్ద జలాశయాలలోనూ చిన్న చేపను ఎరగా గుచ్చి వాలుగ కోసం ఎదురుచూసేవారు 5000 లేదా 6000 సైజుకు, 20 పౌండ్ల లైనుకు వెళ్లాలి. భీమిలి వంటి సముద్రపు ఒడ్డున రొయ్యతోనో చేపముక్కతోనో దూరం విసిరేవారికీ, ఉప్పుటేర్లలో పండుగప్ప కోసం కూర్చునేవారికీ 6000 లేదా అంతకన్న పెద్దది, అదీ ఉప్పునీటికి తట్టుకునేది కావాలి.

రీలు కొనే ముందే తెలుసుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. మన చెరువులలో చాలా వరకు మత్స్యకారుల సహకార సంఘాల చేతిలోనో కౌలుదారుల చేతిలోనో ఉంటాయి. వారి అనుమతి అడిగి, వారు చెప్పిన చోటనే గాలం వేయండి.

2. రీలు రకాన్ని ఎంచుకోండి

కొత్తవారికీ, ఒడ్డు నుంచి ఎర వేసేవారిలో అత్యధికులకూ ముందువైపు డ్రాగ్ మర ఉన్న మామూలు స్పిన్నింగ్ రీలే (విసిరినప్పుడు స్పూల్, అంటే లైను చుట్టి ఉండే భాగం, తిరగకుండా లైను మాత్రమే ఊడే రకం) సరైనది. వెనుకవైపు డ్రాగ్ ఉన్న రీలు వాడడానికి సౌకర్యంగా కనిపిస్తుంది గానీ, ముందువైపు డ్రాగ్‌లో బిళ్లలు వెడల్పుగా ఉంటాయి, అమరిక సరళంగా ఉంటుంది, విప్పి శుభ్రం చేయడం తేలిక. అందువల్ల మన్నిక కోరేవారు ముందు డ్రాగ్‌నే తీసుకోవాలి.

రెండు మూడు రాడ్లను స్టాండు మీద నిలబెట్టి, చేప ఎర పట్టేదాకా ఎదురుచూసే వేట మీదైతే బెయిట్ ఫీడర్ రకం గురించి తప్పక ఆలోచించండి. దీనికి వెనుక ఒక చిన్న మీట ఉంటుంది. దానిని వేస్తే అసలు డ్రాగ్ పక్కకు తప్పుకొని, వెనుక మర నిర్ణయించిన స్వల్పమైన బిగువుతో స్పూల్ తిరుగుతుంది. చేప ఎరను నోట పట్టుకొని అనుమానం లేకుండా సాగిపోతుంది. మీరు హ్యాండిల్ తిప్పిన వెంటనే మీట వెనక్కి పడి అసలు డ్రాగ్ పనిలోకి వస్తుంది. షిమానో దీనిని బెయిట్‌రన్నర్ అనీ, పెన్ లైవ్ లైనర్ అనీ, ఒకూమా బెయిట్‌ఫీడర్ అనీ అమ్ముతాయి. పని మాత్రం ఒక్కటే. పెద్ద బొచ్చె లేదా బంగారుతీగ ఒక్క విసురుతో రాడ్‌ను స్టాండుతో సహా నీటిలోకి లాక్కుపోగలదు కనుక, ఇలాంటి వేటలో ఈ ఏర్పాటు పెట్టిన ఖర్చుకు తగినదే.

బెయిట్ ఫీడర్ కొనే స్తోమత లేకపోతే నిరుత్సాహపడనవసరం లేదు. మామూలు రీలులోనే డ్రాగ్‌ను బాగా వదులు చేసి రాడ్‌ను ఉంచండి. చేప లాగినప్పుడు స్పూల్ అంచును అరచేతితో మృదువుగా అదిమి రాడ్ ఎత్తి, గాలం తగిలాక మరను బిగించండి. కొంచెం అభ్యాసం కావాలి, అంతే.

పడవ మీద నుంచి బరువైన సీసంతో నిలువుగా ఎర దించేవారికి మల్టిప్లయర్ రీలు (విసిరినప్పుడు స్పూలే తిరిగే రకం) మంచిది. ఒడ్డు నుంచి విసిరే కొత్తవారికి అది వద్దు. స్పూల్‌ను బొటనవేలితో అదుపుచేయడం రాకముందు లైను గూడు కట్టుకుపోతుంది. బటన్ నొక్కి విసిరే మూత రీళ్లు పిల్లలకు నేర్పడానికి బాగుంటాయి, పెద్ద చేపల లాగుడుకు నిలబడవు.

3. సైజు అంకెను కాక, పట్టే లైనును చూడండి

సైజు అంకెలు ఒక కంపెనీకీ మరో కంపెనీకీ సమానం కావు. ఒకే కంపెనీలోనూ మామూలు స్పిన్నింగ్ 4000, బెయిట్ ఫీడర్ 4000 ఒకే పరిమాణంలో ఉండకపోవచ్చు. స్పూల్ మీద గానీ పెట్టె మీద గానీ ఉన్న లైను లెక్కను చదవండి. ‘10/200’ అని ఉంటే, పక్కన పౌండ్లు, గజాలు అని ఉన్న పక్షంలో, 10 పౌండ్ల నైలాన్ లైను 200 గజాలు, అంటే సుమారు 183 మీటర్లు పడుతుందని అర్థం. కొన్ని పెట్టెల మీద మిల్లీమీటర్లు, మీటర్లలో ‘0.30/180’ అని రాస్తారు. అది లైను మందమూ పొడవూ.

చెరువుకు మీ లైను 150 మీటర్లు, నదికీ సముద్రానికీ 200 మీటర్లకు పైగా పట్టే స్పూల్ చూసుకోండి. అంతకు మించి పెద్దది తీసుకుంటే బరువు మోయడం తప్ప ప్రయోజనం లేదు.

గేర్ నిష్పత్తి (హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే బెయిల్ ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క) గురించి ఒక్క మాట చాలు: ఎర వేటకు 4.6 నుంచి 5.3 దాకా ఉన్నది తీసుకోండి. 6కు పైగా ఉన్నవి వేగంగా చుడతాయి గానీ, బరువైన సీసాన్నీ పెద్ద చేపనూ లాగేటప్పుడు చేతికి భారంగా ఉంటాయి.

4. చేతిలోకి తీసుకుని పరీక్షించండి

ఈ మెట్టును తొందరపడి దాటవద్దు. దుకాణదారు అనుమతి అడిగి, కౌంటర్ దగ్గర నిలబడి పది నిమిషాలు నిదానంగా చూడండి. మంచి దుకాణదారు అభ్యంతరం చెప్పడు. పెట్టె తెరవనివ్వని చోట కొనకపోవడమే మేలు.

హ్యాండిల్: రీలును కాడ దగ్గర పట్టుకుని హ్యాండిల్‌ను పక్కకు కదిపి చూడండి. లటలట ఆడకూడదు. తరువాత చాలా నెమ్మదిగా, ఒక చుట్టుకు ఐదారు సెకన్లు పట్టేటట్టు తిప్పండి. వేగంగా తిప్పితే ఏ రీలైనా నున్నగానే ఉన్నట్టు అనిపిస్తుంది. నెమ్మదిగా తిప్పినప్పుడే పళ్ల గరుకు వేళ్లకు తెలుస్తుంది. హ్యాండిల్ లోపలి గేరులోకి నేరుగా మర తిరిగి బిగిసే రకమైతే ఎక్కువ కాలం వదులు కాకుండా ఉంటుంది. ఒక పక్క నుంచి కడ్డీ దూర్చి రెండో పక్క మరతో బిగించే రకం చవక రీళ్లలో ఎక్కువ. అందులో మొదటి రోజే ఆట ఉంటే ఆరు నెలలకు రెట్టింపవుతుంది.

రోటర్ (బెయిల్‌ను మోస్తూ స్పూల్ చుట్టూ తిరిగే భాగం): హ్యాండిల్ వదిలి రోటర్‌ను వెనక్కి తిప్పడానికి ప్రయత్నించండి. వెంటనే ఆగాలి. కొంచెం వెనక్కి జరిగి ‘టక్’మని ఆగితే, గాలం తగిలించడానికి రాడ్ విదిలించిన ప్రతిసారీ ఆ దెబ్బ లోపలి భాగాల మీద పడుతుంది. ఈ పరీక్షను రోటర్‌ను వేర్వేరు స్థానాలలో నిలిపి నాలుగైదు సార్లు చేయండి.

బెయిల్: తెరిచి చేత్తో మూయండి. తెరిచినప్పుడు స్థిరంగా నిలవాలి, మూసినప్పుడు పూర్తిగా, ఒకే చప్పుడుతో పడాలి. బెయిల్ తీగ సన్నగా ఉండి వేలితో నొక్కితేనే వంగుతుంటే ఆ రీలును పక్కన పెట్టండి. రాళ్ల గట్ల మీద పడి వంగే మొదటి భాగం అదే.

లైన్ రోలర్: కొనేవారిలో చాలామంది చూడనిదీ, నేను అన్నిటికన్న ముందు చూసేదీ ఇదే. బెయిల్ ఒక చివర ఉండే ఈ చిన్న గిలక మీద స్కెచ్ పెన్నుతో ఒక చుక్క పెట్టండి. మీరు తెచ్చిన లైను ముక్కను గిలక మీదుగా వేసి, రెండు కొసలనూ రెండు చేతులతో పట్టుకుని, కొంచెం బిగువుగా అటూ ఇటూ లాగండి. లైనుతో పాటు చుక్క కూడా తిరగాలి. లైను జారుతూ చుక్క కదలకుండా నిలిచిపోతే గిలక తిరగడం లేదన్నమాట. అలాంటి రీలులో బరువైన చేపను లాగుతున్నప్పుడు లైను ఒకే చోట రాసుకుని మెలిపడుతుంది, వేడెక్కి బలం తగ్గుతుంది, కొంత కాలానికి గిలక మీదే గాడి పడుతుంది. లోపల బేరింగు ఉంటే మంచిది. నాణ్యమైన బుష్ (బేరింగుకు బదులు వేసే నున్నటి గొట్టం) ఉన్నా పనికి వస్తుంది. తిరగడం మాత్రం తప్పనిసరి.

డ్రాగ్: మరను పూర్తిగా వదులు చేసి, కొంచెం కొంచెంగా బిగిస్తూ స్పూల్‌ను చేత్తో తిప్పండి. వదులు నుంచి పూర్తి బిగువు దాకా రావడానికి కనీసం ఒకటి రెండు చుట్లు పట్టాలి. పావు చుట్టులోనే వదులు నుంచి బిగువుకు దూకితే, చేప లాగుతున్నప్పుడు మీరు సర్దడం అసాధ్యం. స్పూల్ మీద లైను చుట్టి ఉంటే కొసకు తరాజు తగిలించి లాగండి. మొదట కదలడానికి పట్టిన బరువు, కదిలాక నిలిచిన బరువు దాదాపు ఒకటే ఉండాలి. మొదట 3 కిలోల దగ్గర పట్టుకుని, కదిలాక 2 కిలోలకు పడిపోతే ఆ కుదుపు దగ్గరే లైను తెగుతుంది. పెట్టె మీద ‘గరిష్ఠ డ్రాగ్ 10 కిలోలు’ అని ఉన్నంత మాత్రాన మురిసిపోకండి. చెరువు వేటలో మీకు నిజంగా కావలసింది రెండు కిలోల లోపు, కుదుపు లేకుండా వదిలే డ్రాగ్. కార్బన్ బిళ్లలు ఉన్నది దొరికితే అదే తీసుకోండి. ఫెల్ట్ బిళ్లలు కూడా చిన్న చేపలకు మెత్తగానే పనిచేస్తాయి, కాకపోతే వాటికి పట్టించిన గ్రీజు ఆరిపోకుండా చూసుకోవాలి.

స్పూల్: అంచు చుట్టూ నూలు గుడ్డను నెమ్మదిగా రుద్దండి. ఎక్కడైనా పోగు పట్టుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టే. విసిరిన ప్రతిసారీ లైను ఆ గరుకు మీదుగానే పోతుంది. అల్యూమినియం స్పూల్ ప్లాస్టిక్ దానికన్న ఎక్కువ కాలం ఉంటుంది. అదనపు స్పూల్ జతగా ఇస్తే అది నిజమైన లాభం.

రీలు ఒళ్లు: మంచినీటికి గట్టి గ్రాఫైట్ ఒళ్లు చాలు, తుప్పు పట్టదు. పెద్ద చేపకూ సముద్రానికీ అల్యూమినియం ఒళ్లు వంగకుండా గేర్లను తమ చోటనే నిలుపుతుంది. కానీ పూత గీరుకుపోయిన చోట ఉప్పు తినడం మొదలుపెడుతుంది. ఉప్పునీటి వేటే ప్రధానమైనవారు నీరు చొరకుండా సీల్ చేసిన రీళ్లను చూడవచ్చు. పెన్ స్పిన్‌ఫిషర్ ఆరో తరం రీళ్లు నీటి ధారను తట్టుకునే ఐపీఎక్స్5 ప్రమాణంతో వస్తాయి. చెరువు వేటకు అంత ఖర్చు అవసరం లేదు.

బేరింగులు: నాలుగైదు మంచి బేరింగులు ఉన్న రీలు, ‘13+1’ అని రాసుకున్న చవక రీలు కన్న ఎక్కువ కాలం నడుస్తుంది. సంఖ్య పెంచడానికి హ్యాండిల్ పిడిలో కూడా నాసిరకం బేరింగులు దూర్చి, గేర్లనూ డ్రాగ్‌నూ వదిలేసిన రీళ్లు మార్కెట్‌లో కొల్లలుగా ఉన్నాయి.

5. పెట్టె, విడిభాగాలు, ధర

దిగుమతి అయిన రీలు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉండాలి. 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికలు కొలతల నియమాల ప్రకారం ఇది తప్పనిసరి. ఈ చీటీ లేని రీలు దొడ్డిదారిన వచ్చినదో నకిలీదో కావచ్చు. అది చెడిపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

పెట్టెలో భాగాల పటం, ఒక్కో భాగానికి నంబరు ఉన్నాయేమో చూడండి. ఉంటే విడిభాగాలు దొరికే అవకాశం ఎక్కువ. దుకాణదారును సూటిగా ఒక్క ప్రశ్న అడగండి: “ఈ రీలుకు బెయిల్ స్ప్రింగ్, లైన్ రోలర్ విడిగా తెప్పించి ఇస్తారా అండీ?” జవాబు తడబడితే, అంతే ధరకు విడిభాగాలు దొరికే మరో రీలు చూసుకోండి. ఇరవై రూపాయల స్ప్రింగ్ దొరక్క మొత్తం రీలు మూలన పడడం చాలా మామూలుగా జరిగేదే.

ధర విషయంలో నా అభిప్రాయం ఇది. రాడ్‌తో కలిపి వెయ్యి రూపాయల లోపు అమ్మే సెట్లలోని రీళ్లు బెండు వేటకు ఒక సీజను పనిచేస్తాయి, అంతకు మించి ఆశించకూడదు. పేరున్న కంపెనీల ప్రారంభ స్థాయి రీళ్లు రెండు మూడు వేల రూపాయల ప్రాంతంలో దొరుకుతాయి. చెరువు వేటకు పెట్టిన డబ్బుకు అత్యధిక విలువ అక్కడే ఉంది. బెయిట్ ఫీడర్‌కూ సముద్రపు రీలుకూ అంతకు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అవుతుంది. బడ్జెట్ బిగువుగా ఉంటే రీలు కోసం డబ్బు ఉంచుకుని రాడ్‌లో తగ్గించండి. మామూలు ఫైబర్ రాడ్ ఎర వేటకు ఏ లోటూ చేయదు.

ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ విప్పడాన్ని ఫోన్‌లో చిత్రీకరించి, నాలుగో మెట్టులోని పరీక్షలన్నీ తిరిగి ఇచ్చే గడువు ముగియక ముందే, లైను ఎక్కించక ముందే చేయండి. తరాజుతో లాగి చూసే పరీక్షకు స్పూల్‌కు ఒక లైను ముక్కను కట్టుకుని, తరువాత విప్పేయవచ్చు.

6. లైను సరిగా ఎక్కించండి

మంచి రీలు చెడ్డదన్న పేరు తెచ్చుకునేది చాలాసార్లు ఇక్కడే. రాడ్ మొదటి గైడ్ (రాడ్ మీద లైను దూరే రింగు) గుండా లైను దూర్చి స్పూల్‌కు ముడి వేయండి. లైను చుట్టను నేల మీద లేబుల్ పైకి కనిపించేలా పెట్టండి. తడి గుడ్డతో లైనును బిగువుగా పట్టుకుని నాలుగైదు మీటర్లు చుట్టి ఆపి, లైనును వదులు చేసి చూడండి. నేల మీద మెలికలు తిరుగుతుంటే చుట్టను బోర్లా తిప్పి కొనసాగించండి. స్పూల్ అంచుకు 2 నుంచి 3 మిల్లీమీటర్లు తక్కువగా నిండినప్పుడు ఆపండి. తక్కువ నింపితే ఎర దూరం పోదు. ఎక్కువ నింపితే చుట్లు చుట్లుగా ఊడి చిక్కు పడుతుంది.

ఎర వేటకు నైలాన్ మోనో (ఒంటిపోగు) లైనే నా ఎంపిక, ఎందుకంటే అది కొంచెం సాగుతుంది, చేప విసురును తట్టుకుంటుంది, రాళ్లకు రాసుకున్నా బ్రెయిడ్ (సన్నని పోగులు అల్లిన) లైనంత త్వరగా దెబ్బతినదు. బ్రెయిడ్ వాడదలచుకుంటే స్పూల్ మీద ముందుగా కొన్ని మీటర్లు మోనో చుట్టండి. లేకపోతే లైను మొత్తం స్పూల్ మీద జారి, డ్రాగ్ చెడిపోయిందేమో అన్న భ్రమ కలిగిస్తుంది.

7. డ్రాగ్‌ను నీళ్ల సీసాతో సరిచేయండి

డ్రాగ్ బిగువు లైను తెగే బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండాలి. 12 పౌండ్ల లైను అంటే సుమారు 5.4 కిలోలు; దానికి 1.3 నుంచి 1.8 కిలోలు. తరాజు లేకపోతే రెండు లీటర్ల సీసాలో ఒకటిన్నర లీటరు నీరు పోయండి. దాదాపు ఒకటిన్నర కిలో బరువు సిద్ధమైనట్టే. లైనును గైడ్లన్నిటి గుండా దూర్చి, సీసా మెడకు కట్టి, రాడ్‌ను నేలకు 45 డిగ్రీల కోణంలో పట్టుకుని నెమ్మదిగా ఎత్తండి. సీసా నేల విడిచి కొంచెం లేచి, లైను మెల్లగా వదులుతూ మళ్లీ కిందికి దిగాలి. అసలు లేవకపోతే మరను బిగించండి. గాలిలో కదలకుండా వేలాడుతుంటే వదులు చేయండి. 20 పౌండ్ల లైనుకు పెద్ద డబ్బాలో రెండున్నర లీటర్లు పోసి ఇదే చేయండి.

ఒక హెచ్చరిక: చేప చాలా దూరం లాగి స్పూల్ మీద లైను తగ్గేకొద్దీ, మర అంతే ఉన్నా, బిగువు దానంతటదే పెరుగుతుంది. చుట్టు వ్యాసం సగమైతే బిగువు రెట్టింపవుతుంది. కనుక పెద్ద చేప పరుగు మధ్యలో డ్రాగ్‌ను ఇంకా బిగించాలన్న ఆత్రాన్ని ఆపుకోండి, అవసరమైతే కొంచెం వదులు చేయండి.

బెయిట్ ఫీడర్ ఉన్నవారు వెనుక మరను విడిగా సరిచేయాలి. ప్రవాహమో అలో లైనును లాక్కుపోకుండా ఆపేటంత బిగువు చాలు. అసలు డ్రాగ్‌ను మాత్రం రాడ్‌ను స్టాండు మీద పెట్టకముందే సరిచేసి ఉంచండి. చేప పరుగెత్తుతుండగా హ్యాండిల్ తిప్పాక అది పూర్తిగా బిగిసి ఉందని తెలిస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది.

8. వాడకంలో, కడగడంలో జాగ్రత్తలు

ఎర విసిరాక బెయిల్‌ను చేత్తోనే మూయండి. హ్యాండిల్ తిప్పి ‘టప్’మని పడేటట్టు మూస్తే స్ప్రింగ్ త్వరగా అలుస్తుంది, వదులుగా ఉన్న లైను మెలికతో చుట్టుకుంటుంది. డ్రాగ్ వదులుతుండగా హ్యాండిల్ తిప్పవద్దు. లైను లోపలికి రాదు సరికదా, తిప్పిన ప్రతి చుట్టుకూ లైనులో మరిన్ని మెలికలు పడతాయి. పెద్ద చేపను రీలుతో లాగకండి. రాడ్‌ను నిదానంగా పైకెత్తి, దించుతూ వచ్చిన వదులును చుట్టుకోండి.

పిండి ముద్ద కలిపిన చేతులతోనే హ్యాండిల్ పట్టుకోవడం ఎర వేటకే ప్రత్యేకమైన సమస్య. ఆ పిండి పిడి సందులలో, లైన్ రోలర్ పక్కన ఎండి గట్టిపడుతుంది. పక్కన తడి గుడ్డ ఉంచుకుని చెయ్యి తుడుచుకున్న తరువాతే రీలును ముట్టుకోండి.

సముద్రం నుంచి వచ్చాక డ్రాగ్ మరను బిగించి, మంచినీటిని చిలకరించినట్టు పోసి కడగండి. పైపుతో జోరుగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. బకెట్‌లో ముంచి ఉంచడం కూడా మంచిది కాదు. నీడన ఆరబెట్టి, తరువాత డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేసి భద్రపరచండి. బిగించి ఉంచితే బిళ్లలు నొక్కుకుపోయి తరువాత కుదుపుతో వదులుతాయి. రోలర్‌కూ, బెయిల్ కీలుకూ, హ్యాండిల్ పిడికీ ఒక్కో చుక్క పలుచని నూనె చాలు. గేర్లకు నూనె కాదు, గ్రీజు. డబ్ల్యూడీ-40ను లోపల చల్లకండి, ఉన్న గ్రీజును అది కరిగించి కడిగేస్తుంది. వంటనూనె, కొబ్బరినూనె ఎప్పుడూ వాడవద్దు. కొన్నాళ్లకు జిగురుగా మారతాయి.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికన్న ఎక్కువగా కనిపించేది, పెద్ద చేప మీద ఆశతో చెరువు వేటకు 8000 సైజు రీలు కొనడం. రాడ్ ముందుకు తూలుతుంది, చిన్న చేప ఎర పట్టినా చేతికి తెలియదు, కొద్ది రోజులకే రాడ్ పక్కన పడుతుంది. కొనే ముందే రీలును మీ రాడ్‌కు బిగించి, పిడి దగ్గర పట్టుకుని తూకం చూసుకుంటే ఈ పొరపాటు జరగదు.

రెండోది, రీలు కొత్తది గదా అని ఎప్పుడో కొని మూలన పడి ఉన్న పాత లైనును ఎక్కించడం. ఎండకు పెళుసుబారిన నైలాన్ ముడి దగ్గర తెగిపోతుంది, నింద రీలు మీద పడుతుంది. మూడోది హ్యాండిల్‌ను వెనక్కి తిప్పడం. మరతో బిగిసే హ్యాండిల్ ఊడి నీటిలో పడే ప్రమాదం ఉంటుంది. మన గోదావరి ఇసుక మీద రీలును ఆనించి పెట్టడం కూడా ఇలాంటిదే: ఒక్క ఇసుక రేణువు స్పూల్ కిందికి పోయినా చుట్టుచుట్టుకూ గరగరలాడుతుంది. వెంటనే స్పూల్ తీసి, గుడ్డతో తుడిచి, ఆ తరువాతే తిప్పండి.

రీలు బాగుందో లేదో కొన్ని వేటల తరువాత ఎలా తెలుసుకోవాలి?

లైన్ రోలర్ మీద చుక్క పరీక్ష మళ్లీ చేయండి. ఉప్పూ పిండీ చేరితే మొదట ఆగేది అదే. సీసా పరీక్షతో డ్రాగ్ కుదుపును చూడండి. చేత్తో మూసిన బెయిల్ మునుపటిలాగే పడుతోందా అన్నది గమనించండి.

హ్యాండిల్ నెమ్మదిగా తిప్పినప్పుడు గరుకు తగిలితే, ఒక చుట్టులో అది ఎన్నిసార్లు తగులుతోందో లెక్కపెట్టండి. చుట్టుకు ఒక్కసారి, ఎప్పుడూ ఒకే చోట తగిలితే పెద్ద గేరు పన్ను దెబ్బతిన్నదనుకోవచ్చు. చవక రీలులో దానిని మార్చే ఖర్చుకు కొత్త రీలు వస్తుంది. చుట్టుకు ఐదుసార్లు, అంటే రోటర్ తిరిగిన ప్రతిసారీ తగులుతుంటే దోషం రోటర్ దగ్గరి బేరింగులోనో చిన్న గేరులోనో ఉంటుంది. అది చాలాసార్లు శుభ్రం చేసి గ్రీజు పెట్టడంతోనో, ఒక బేరింగు మార్చడంతోనో పోతుంది. ఆ లెక్క చూసుకోకుండా రీలును పారేయవద్దు, మరమ్మతుకూ ఇవ్వవద్దు.